చెవిని అందుకున్న చెయ్యి

పోయిన నెల బ్యాంకు చిరునామాకి నా పేరున ఒక కవరు వచ్చింది. లోపల గులాబీరంగు కార్డు. రైల్వేలో ఇన్నేళ్ళు పనిచేసి, ఆ బాస్కెట్‌బాల్ జట్టుకి పదమూడేళ్ళు ఆడిన శ్రీమతి లూర్దు మేరి ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారనీ, గుంటూరులో జరిగే సభకి దయచేయమనీ అచ్చు వేశారు. అచ్చు కింద బాల్‌పెన్నుతో, "కమలా, నువ్వు రాకపోతే ఊరుకోను" అని రాసి ఉంది. ఆ అక్షరాలు పదో తరగతిలో ఎలా ఉండేవో అలాగే ఉన్నాయి, ఒకదానికొకటి తగలకుండా ఎడం ఎడంగా. పక్క సీటు అమ్మాయి కార్డు చూసి, మీ స్నేహితురాలు మీకంటే పెద్దావిడా మేడం అని అడిగింది. కాదన్నాను. ఇద్దరం ఒకే ఏడాది, ఒకే నెలలో పుట్టాం. నిజానికి నేనే పదకొండు రోజులు పెద్ద. మరి మీకింకా రెండేళ్ళ సర్వీసు ఉందిగా అని ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. నేను ఓచర్ల కట్ట ముందుకి లాక్కున్నాను. లూర్దుకి రావలసిన ఆ రెండేళ్ళు ఏమయ్యాయో నాకు తెలుసు. మా పెరట్లో నీళ్ళపొయ్యిలో వాటిని నేనే కాల్చాను. ధైర్యం లేక ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మా నాన్న నరసరావుపేటలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆడపిల్లల బడికి మగ డ్రిల్లు మాస్టారేమిటని మొదట్లో ఊళ్ళో వాళ్ళు నొసలు చిట్లించారట. ఆ ఉద్యోగానికి ఆడవాళ్ళెవరూ రాకపోవడంతో ఆయన్నే ఉంచేశారు. బడి మైదానానికి వెనకాలే మా ఇల్లు. రెండు గదులు, ఒక వసారా, పెరట్లో నీళ్ళు కాగే రాగి అండా. పొద్దున్నే ఆ అండా కింద మంట పెట్టడం నా పని. పత్తికట్టె దొరికినప్పుడు హాయిగా మండేది. మిరపకట్టె వచ్చిన రోజుల్లో మాత్రం ఇంటిల్లిపాదీ దగ్గుతూ లేచేవాళ్ళం. నాన్న మెడలో ఈల ఎప్పుడూ ఉండేది, స్నానానికి వెళ్ళినా తీసేవారు కాదు. అన్నానికి పిలవాలన్నా, చదువుకోమని గదమాయించాలన్నా ఈలే. శనివారం సాయంత్రం ఆయన తన తెల్లని కాన్వాసు బూట్లకి చాక్‌పొడి తడిపి పూసి, వసారా గోడకి ఆరబెట్టుకునేవారు. ఆ తడి చాక్ వాసన, నశ్యం వాసన, మిరపకట్టె పొగ, ఈ మూడూ కలిస్తేనే నాకు మా నాన్న. అబద్ధం ఆడితే ఆయన కొట్టేవారు కాదు. మాట్లాడటం మానేసేవారు. దానికి మేం చచ్చేంత భయపడేవాళ్ళం.

ఆ బడిలో బాస్కెట్‌బాల్ కోర్టు మా నాన్న కలగని కట్టించుకున్నది. సిమెంటు కోర్టుకి మేనేజ్‌మెంటు ఒప్పుకోలేదు. ఆయన మాచర్లా గురజాలా తిరిగి, క్వారీల వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి, అంచులు విరిగి అమ్ముడుపోని నాపరాళ్ళు రెండు లారీలు తెచ్చి పరిపించారు. రాళ్ళయితే వచ్చాయి గాని అతుకులు సమంగా రాలేదు. బంతి కొట్టుకుంటూ పరిగెత్తితే అతుకు తగిలి ఎటో ఎగిరిపోయేది. అందుకని మా బడి పిల్లలు బంతిని నేలకి కొట్టడం కంటే చేతికందగానే ఉన్నచోటి నుంచి వేసేయడం ఎక్కువ నేర్చుకున్నారు. దూరం కూడా అడుగుల్లో కాదు, బండల్లో చెప్పుకునేవాళ్ళం. స్తంభం కింద నుంచి లెక్కపెడితే నాలుగో బండ నుంచి నేను పదిలో ఆరు వేసేదాన్ని. ఆరో బండ నుంచి మా జట్టులో ఇద్దరే వేసేవాళ్ళు. లూర్దు పదో బండ మీద నిలబడేది.

లూర్దుది గురజాల దగ్గర క్వారీ పల్లె. అమ్మా నాన్నా ఇద్దరూ నాపరాళ్ళ పనే. సిస్టర్ల హాస్టల్లో ఉండి చదువుకోవడానికి ఎనిమిదో తరగతిలో మా బడికి వచ్చింది. మధ్యలో రెండేళ్ళు చదువు మాని తల్లితోపాటు రాతి చెక్కలు మోసింది కాబట్టి, మా అందరి కంటే భుజాలు గట్టివి. ఇక చేతులు సరేసరి, నిలబడితే మోకాళ్ళకి అందేవి. మొదటిరోజు ప్రేయర్‌లో వరసలో నిలబడ్డ ఆ పిల్ల చేతులు చూసి మా నాన్న ఈల ఊదడం మర్చిపోయారని బడిలో ఒక ఏడాదిపాటు చెప్పుకున్నారు.

ఆ చేతుల సంగతే ఇంకొకటి చెప్పాలి, తర్వాత జరిగినదంతా దానితోనే ముడిపడి ఉంది. ఆ రోజుల్లో పల్లెల్లో పిల్లల్ని బడిలో వేసేటప్పుడు పుట్టిన తేదీ ఎవరూ అడిగేవారు కాదు. కుడిచెయ్యి నడినెత్తి మీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకోమనేవారు. చెవి అందితే అయిదేళ్ళు నిండినట్టు, అందకపోతే వచ్చే ఏడు రమ్మనేవారు. లూర్దు తల్లికి క్వారీకి పోతే పిల్లని చూసే దిక్కు లేదు. అక్కని బడిలో వేయడానికి వెళ్ళినప్పుడు చంకలో ఉన్న చిన్నదాన్ని కూడా దింపి, దీని చెయ్యి కూడా చూడండి అయ్యా అని బతిమాలిందట. మూడేళ్ళ పిల్ల. చెయ్యి సునాయాసంగా చెవి దాటి చెంప దాకా వచ్చింది. పంతులుగారు నవ్వి అయిదేళ్ళని రాసుకున్నారు. ఈ కథ లూర్దే మా వసారాలో కూర్చుని చెయ్యి నెత్తిమీద పెట్టి చూపిస్తూ చెప్పింది. మేమంతా పడీపడీ నవ్వాం. కాగితం మీద తనకి రెండేళ్ళు ఎక్కువ పడ్డాయన్న సంగతి మాకెవరికీ అప్పుడు తట్టలేదు.

పొద్దున అయిదున్నరకి లూర్దు హాస్టల్ నుంచి వచ్చేది. నూరు బంతులు రింగులో పడితే గాని పలహారం లేదని మా నాన్న నియమం. వేసినవి నూరు కాదు, పడినవి నూరు. రింగుకి వల ఉండేది కాదు, రెండు నెలలకే చివికి ఊడిపోతే మళ్ళీ కొనలేదు. వల లేకపోతే పదో బండ మీద ఉన్నవాళ్ళకి బంతి లోపల నుంచి వచ్చిందో పక్కనుంచి జారిందో తెలియదు. అందుకని నన్ను రింగు కింద నిలబెట్టారు. పడితే పడిందనాలి, పోతే పోయిందనాలి, బంతి ఏరి మళ్ళీ ఆమె చేతికి విసరాలి. మూడేళ్ళు ఆ పని చేశాను. నిజానికి నేను చెప్పే దాకా ఆమె ఆగేదే కాదు. బంతి చేతిని వదలగానే వీపు తిప్పి రెండడుగులు వేసేది, దాని సంగతి తనకి తెలుసన్నట్టు. చలికాలం బండలు మంచుముద్దల్లా ఉండేవి, ఇద్దరికీ కాళ్ళకి చెప్పులుండేవి కావు. నూరూ అయ్యాక మా ఇంట్లోనే తినేది. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ పచ్చడి, మజ్జిగ. మా అమ్మ ఆమె కోసం ఒక సత్తుపళ్ళెం విడిగా ఉంచింది. తిన్నాక లూర్దే దాన్ని కడిగి పెరటిగోడ మీద బోర్లించి పోయేది. అమ్మని పిన్నీ పిన్నీ అని పిలిచేది. ఆ పళ్ళెం సంగతి నాన్నా ఏమీ అనలేదు, నేనూ అనలేదు. అప్పుడు అది తప్పని నాకు తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అసూయ ఎప్పుడు మొదలైందో చెప్పలేను. ఆమె బాగా ఆడుతుందని కాదు. ఆమె బంతి వేస్తున్నప్పుడు మా నాన్న ముఖం చూసేదాన్ని. నశ్యం పట్టిన వేళ్ళు ముక్కుదాకా వచ్చి ఆగిపోయేవి. నేను పరీక్షలో ఫస్టు వచ్చినా, జ్వరం తగ్గి లేచి కూర్చున్నా ఆ ముఖం నాకోసం అలా ఎప్పుడూ కాలేదు. పదో తరగతిలో ఉండగా జిల్లా జూనియర్ జట్టుకి ఆయన్ని మేనేజరుగా వేశారు. రాష్ట్ర పోటీలకి పన్నెండు మందిని ఎంపిక చేయాలి. అందరిలోకీ ముందు లూర్దు పేరు రాశారు. నా పేరు పదమూడోది. ఎవరైనా మానుకుంటే తప్ప ప్రయాణం లేదు. అన్నాల దగ్గర ఆ మాట చెప్పి, పచ్చడి ఇంకొంచెం వెయ్యమని అమ్మని అడిగారు. నేను ఏడుస్తానేమోనని కూడా చూడలేదు. న్యాయంగా చూస్తే నేను పదిహేనో చోటుకి కూడా చాలను. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు.

వారం తిరక్కముందే చిక్కు వచ్చిపడింది. పోటీ నాటికి పదహారేళ్ళు నిండకూడదని నోటీసులో ఉంది. బడి రికార్డు తీస్తే లూర్దుకి పదిహేడు. నాన్న తల పట్టుకుని కూర్చున్నారు. అప్పుడు చెవి కథ గుర్తొచ్చింది. గుర్తొచ్చాక ఆయన లేచి వసారాలో పచార్లు చేశారు. క్రైస్తవుల ఇళ్ళల్లో బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే జ్ఞానస్నానం ఇస్తారు, గుడి పుస్తకంలో పుట్టిన తేదీ రాస్తారు, ఆ నకలు తెస్తే చాలు. అంతేకాదు, పదో తరగతి పిల్లల వివరాలు ఇంకా పరీక్షల బోర్డుకి పోలేదు. పోయేలోగా నకలు చూపిస్తే రికార్డులోనే తేదీ మారుస్తానని హెడ్మిస్ట్రెస్ ఒప్పుకున్నారు. ఒకసారి పోయిందంటే ఇక జన్మలో మారదు. శుక్రవారం మధ్యాహ్నానికి గుంటూరులో జట్టు కాగితాలు ఇవ్వాలి. గురువారం నాన్నకి జిల్లా అధికారుల తనిఖీ, కదిలే వీలు లేదు. లూర్దుకి వాళ్ళ సిస్టర్లు సెలవివ్వలేదు. నన్ను పిలిచి చేతిలో హెడ్మిస్ట్రెస్ ఉత్తరం పెట్టి, "కమలా, ఇది ఆ పిల్ల జీవితం. జాగ్రత్తగా పట్టుకొచ్చెయ్యమ్మా" అన్నారు.

ఎర్రబస్సులో నకరికల్లు, పిడుగురాళ్ళ మీదుగా లూర్దు వాళ్ళ ఊరు వెళ్ళాను. ఫాదరుగారు ఇంట్లోనే ఉన్నారు, ముసలాయన, చెవులు సరిగా వినపడవు. గుడిలో ప్రార్థనలు చదివే ఉపదేశి ఒకాయన బీరువాలోంచి పెద్ద పుస్తకం తీసి, వేలితో వరసలు దిగుతూ లూర్దు పేరు పట్టుకున్నాడు. తెల్లకాగితం మీద సిరాతో నకలు రాసి, ఫాదరుగారి సంతకం చేయించి, సీలు వేశాడు. నాకు మజ్జిగ ఇచ్చి, "మా లూర్దమ్మ బాగా ఆడుద్దంటగా. పేపర్లో పేరు పడితే ఒక పేపరు మాకు పంపియ్యమను మాస్టార్ని" అన్నాడు. సరేనన్నాను. నిజంగానే పంపిద్దామనుకున్నాను. ఆ గుమ్మం దిగేదాకా నా మనసులో ఏ పాపమూ లేదు, ఇది ఒట్టేసి చెప్పగలను.

తిరుగు బస్సు నకరికల్లు దాటాక టైరు పంక్చరై ఆగింది. దిగి రోడ్డు పక్కన జామాయిల్ చెట్ల కింద కూర్చున్నాం. కాగితం తీసి చదివాను. మా ఇద్దరి నెలా ఒకటే, ఏడూ ఒకటే. పదకొండు రోజులు తేడా. అన్నీ ఒకటే అయినప్పుడు నేనెందుకు పదమూడు అనిపించింది. ఆ ఆలోచనకి అర్థం లేదు, కాని పదిహేనేళ్ళ పిల్లకి అదే న్యాయమైన ప్రశ్నలా కనపడింది. ఈ కాగితం చేరకపోతే నా పేరే రాస్తారు. రాష్ట్ర పోటీల సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగాల్లో క్రీడల కోటా ఉంటుందని మా ఇంట్లో రోజూ వినే మాటే. లూర్దుకి ఇంకో ఏడాది ఇంకో అవకాశం వస్తుందిలే అనుకున్నాను. ఆమె అంత బాగా ఆడుతుంది కదా అన్నదే నాకు దొరికిన సాకు. టైరు మార్చేసరికి కాగితం నాలుగు మడతలై నా జాకెట్‌లో ఉంది.

నరసరావుపేట బస్టాండులో నాన్న సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో. "దొరికిందా అమ్మా?" అన్నారు. ఫాదరుగారు లేరనీ, పుస్తకం ఏదో తనిఖీకి గుంటూరు బిషప్‌గారి దగ్గరికి పోయిందనీ, క్రిస్మస్ తర్వాత వాళ్ళే నకలు పంపిస్తామన్నారనీ చెప్పాను. అంత అబద్ధం అంత సాఫీగా ఎలా వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు. ఆయన ఇంకో ప్రశ్న వెయ్యలేదు. కూతురు అబద్ధమాడదని నమ్మకం. నన్ను క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని ఇంటికి తొక్కుతుంటే ఎదురుగాలికి ఆయన ఆయాసం వినపడుతూనే ఉంది. మర్నాడు పొద్దున అండా కింద పత్తికట్టె సర్ది, మధ్యలో కాగితం పెట్టి అగ్గిపుల్ల గీశాను. ఆ నీళ్ళతోనే నాన్న స్నానం చేసి గుంటూరు వెళ్ళారు. అక్కడ అధికారుల్ని చాలాసేపు బతిమాలారట. ఒప్పుకోలేదు. సాయంత్రం వచ్చి, "నీ పేరు రాశానమ్మా" అని మాత్రం చెప్పి, నా వంక చూడకుండా బూట్లు విప్పుకున్నారు. క్రిస్మస్ సెలవులు రాకముందే పదో తరగతి వివరాలు బోర్డుకి పోయాయి, పాత తేదీతోనే.

లూర్దు ఆ మర్నాడు కూడా మామూలుగానే వచ్చింది. నేను రింగు కింద నిలబడి పడిందీ పడిందీ అని చెబుతూనే ఉన్నాను. నూరు పూర్తయ్యాక బంతి చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"కమలా, నువ్వు పోయినప్పుడు ఫాదరుగారు నిజంగా లేరా?"

"లేరే" అన్నాను.

తలూపింది. మా ఇంటికి వచ్చి రొట్టె తింది, పళ్ళెం కడిగి గోడ మీద బోర్లించింది. క్రిస్మస్‌కి ఊరెళ్ళి వచ్చాక మాత్రం పొద్దున్న పూట రావడం మానేసింది. క్లాసులో నాతో మాట్లాడేది. నాన్న ఎదురైతే తల దించుకుని పక్కకి తప్పుకునేది. నాన్న రెండుమూడుసార్లు పిలిచి చూశారు. పిల్లకి నిరాశగా ఉంటుందిలే అని తర్వాత పిలవడం మానుకున్నారు. కొన్నాళ్ళు పొద్దున అయిదున్నరకి ఒక్కరే వెళ్ళి కోర్టు ఊడ్చి వచ్చేవారు.

రాష్ట్ర పోటీల్లో నేను మొత్తం నాలుగు నిమిషాలు ఆడాను, అదీ ఓడిపోయిన మ్యాచి చివర్లో. రెండు ఫ్రీత్రోలు వస్తే రెండూ పోగొట్టాను. దానికి బంగారురంగు అంచున్న సర్టిఫికెట్ ఇచ్చారు. డిగ్రీ అయ్యాక ఆ కాగితమే నన్ను బ్యాంకులో కూర్చోబెట్టింది. ఇంటర్వ్యూలో ఒకాయన మీరు ఏ స్థానంలో ఆడేవారని అడిగాడు. రింగు కింద అన్నాను. అది నిజమే కదా.

లూర్దు పది పాసై క్వారీకి తిరిగి వెళ్ళింది. మూడేళ్ళు మళ్ళీ రాళ్ళు మోసింది. పంతొమ్మిదో ఏట వినుకొండలో జరిగిన ఓపెన్ టోర్నమెంటులో, ఎవరి జట్టులోనో మనిషి తక్కువైతే చీర నడుముకి దోపుకుని దిగిందనీ, చూడ్డానికి వచ్చిన రైల్వే కోచ్ ఒకాయన ఆట మధ్యలోనే వెళ్ళి పేరు రాసుకున్నాడనీ విన్నాను. అట్టడుగు ఉద్యోగం ఇచ్చారు, జట్టులో చోటిచ్చారు. అప్పటికే ఆటలో కొత్త రూలు వచ్చింది. దూరంగా ఒక గీత గీసి, దాని అవతల నుంచి వేస్తే రెండు కాదు, మూడు పాయింట్లన్నారు. ఆ గీత కాస్త అటూ ఇటూగా మా పదో బండే. బెజవాడలో ఒకసారి ఆమె ఆట చూశాను, వెనక వరసలో కూర్చుని. బంతి చేతిని వదలగానే వీపు తిప్పి నడిచిపోయేది, జనం లేచి అరిచేవాళ్ళు. ఇప్పుడు వలలున్నాయి, పడిందని చెప్పడానికి మనిషి అక్కర్లేదు. పదమూడేళ్ళు రైల్వేకి ఆడింది. అంత దూరం నుంచి అంత నికరంగా వేసే అమ్మాయిని ఇంకొకర్ని చూడలేదని పాత ఆటగాళ్ళు ఈరోజుకీ అంటారు. కాని దేశం జట్టుకి ఒక్కసారి కూడా ఆడలేదు. జూనియర్‌గా ఉన్నప్పుడే పై క్యాంపుల్లోకి వెళ్ళి పెద్దల కంట్లో పడాలి. ఆమె పడవలసిన వయసులో క్వారీలో ఉంది. తర్వాత పిలుపు వచ్చినప్పుడల్లా రికార్డు వయసు చూసి, ఈవిడకి దాటిపోతోంది, కుర్రవాళ్ళని చూద్దాం అన్నారట.

మా నాన్న ఆ ఏడాది తర్వాత జట్టు మేనేజరుగా ఉండనని చెప్పేశారు. కూతురి సర్టిఫికెట్ కోసం కూలీవాళ్ళ పిల్లని తప్పించాడని స్టాఫ్‌రూములో అనుకున్నారు. ఆయన చెవిన పడింది. నాకు తెలుసు, ఎందుకంటే ఆ మాట ఇంటికొచ్చి అమ్మతో చెప్పి, చాలాసేపు నశ్యం డబ్బా మూత తిప్పుతూ కూర్చున్నారు. అప్పుడైనా చెప్పి ఉండవలసింది. ఆయన మాట్లాడటం మానేస్తారన్న భయం ఒకటి, మానేస్తే ఇక జీవితమంతా మానేస్తారన్న భయం ఇంకొకటి. చివరి రోజుల్లో మంచం మీద ఉండి, పేపర్లో ఆటల పేజీ నాచేత చదివించుకునేవారు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి, "లూర్దు నా మీద ఎందుకు అలిగిందో నీకేమన్నా తెలుసా అమ్మా?" అని అడిగారు. తెలీదు నాన్నా అన్నాను. మొదటి అబద్ధం పదిహేనేళ్ళప్పుడు ఆడాను, దానికి వయసుని అడ్డం పెట్టుకోవచ్చు. రెండోది ఆడినప్పుడు నా తల నెరిసింది. ఆయన ఆ నెలలోనే పోయారు.

అయిదారేళ్ళ క్రితం బడి పూర్వవిద్యార్థుల కలయికలో లూర్దు నన్ను చూసి పరిగెత్తుకొచ్చి కావలించుకుంది. అందర్నీ పేరుపేరునా అడిగింది గాని మా నాన్న సంగతి అడగలేదు. నాన్న పోయిన బాధ తనకీ ఉందేమో, తలుచుకోలేకపోతోందేమో అనుకుని సరిపెట్టుకున్నాను. ఆ రోజున కోర్టు చూద్దామని వెళితే నాపరాళ్ళు లేవు, నున్నటి రంగు వేసిన నేల, వల వేసిన రింగులు. పిల్లలు బూట్లతో కిర్రుకిర్రుమంటూ ఆడుతున్నారు. వాళ్ళందరికీ ఆసుపత్రిలో పుట్టిన నిమిషంతో సహా అచ్చువేసిన కాగితాలున్నాయి. వాళ్ళ వయసు చెప్పడానికి ఎవరి చేతి పొడుగూ అవసరం లేదు, ఎవరి కూతురూ బస్సెక్కి వెళ్ళనక్కర్లేదు. వాళ్ళని చూస్తే సంతోషం వెయ్యాలి. నాకు ఏడుపొచ్చింది.

గుంటూరు సభకి వెళ్ళాను. చాలామంది మాట్లాడారు, శాలువాలు కప్పారు. లూర్దు లేచి, నా విజయానికి పునాది కమల అంది, మూడేళ్ళు చలిలో బంతులు ఏరి ఇచ్చిందంది. చప్పట్లు కొట్టారు. ఎవరో నన్ను కూడా వేదిక మీదికి పిలిచి పువ్వులిచ్చారు. భోజనాలయ్యాక తన క్వార్టర్‌కి తీసుకెళ్ళింది. భర్త బంధువుల్ని స్టేషన్లో దింపడానికి వెళ్ళాడు, ఇంట్లో ఇద్దరమే. ఆమె మంచం మీద శాలువాలు మడత పెడుతుంటే నేను చెప్పడం మొదలుపెట్టాను. గురువారం బస్సు, ఉపదేశి రాసిన నకలు, పంక్చరు, బస్టాండులో అబద్ధం, పొయ్యి, అన్నీ వరసగా చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"మాస్టారికి తెలవదా?" అంది.

"తెలీదు. పోయేదాకా తెలీదు."

శాలువా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నెమ్మదిగా మాట్లాడింది.

"కాయితం నువ్వు తీసకపోయావని ఆ క్రిస్మస్‌కే ఉపదేశి నాకు చెప్పాడే. పదిహేనేళ్ళ పిల్ల తనంతట తాను అట్టా చేస్తదని ఎవురనుకుంటారు? మాస్టారే నిన్ను పంపించి, మాస్టారే దాచిపెట్టాడనుకున్నా. నాన్న మాట కాదనలేక నువ్వు నోరు మూసుకున్నావనుకున్నా. నిన్నొక్కరోజు కూడా తిట్టుకోలా. ఆయన్నే తిట్టుకున్నా."

నేను మంచం మీది శాలువా ఒకటి తీసి మడత పెట్టసాగాను.

"రైల్వేలో చేరినాక రెండు కార్డులు రాశాడు. చదవకుండా చించేశా. పేటలో మ్యాచి పెడితే ఒంట్లో బాగాలేదని చెప్పి పోలా, చూడ్డానికి వొస్తాడని. పోయాడని తెలిసినాక కూడా రాలా."

అప్పుడు నేను ఆ రెండేళ్ళ సర్వీసు సంగతి ఎత్తాను. నా వల్లే ఇవాళ నువ్వు ఇంట్లో కూర్చోవలసి వచ్చింది, ఆ తప్పుకి ఏం చెయ్యమన్నా చేస్తానని అన్నాను. లూర్దు విన్నట్టు కూడా లేదు. తల ఎత్తి అడిగింది.

"మాస్టార్ని యాడ పెట్టారు?"

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. వాళ్ళల్లో నవంబరు మొదట్లో పండగ వస్తుంది, సమాధుల మీద పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, పోయినవాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని వస్తారు.

"మాకు సమాధులుండవు లూర్దూ. దహనం చేశాం. అస్థికలు కృష్ణలో కలిపాం."

"అయితే తప్పైంది మాస్టారూ అని చెప్పుకోడానికి పోయి నిలబడే చోటు కూడా లేదన్నమాట నాకు" అంది.

తప్పు చేసింది నేను. నిలబడే చోటు కోసం వెతుక్కుంటున్నది ఆమె. ఆ పొడుగాటి చేతులు రెండూ శాలువా మీద అలాగే పెట్టుకుని కూర్చుంది. నన్ను ఉండమనలేదు, వెళ్ళమనలేదు. చెప్పులు తొడుక్కుని నేనే బయటికి వచ్చాను.